తోలు రోలరు

జిన్నింగు మిల్లు పక్కనుంచి పోతుంటే ఇప్పటికీ నా కాలు ఆగుద్ది. లోపల తిరిగే రోలర్ల రొద వింటే అన్న గుర్తొస్తాడు. రోలరుకి గాడి కొయ్యడం నాకు నేర్పింది అన్నే.

1983లో పదో తరగతి తప్పి, గుంటూరులో ఒక లేతు వర్క్‌షాపులో చేరా. చుట్టూ పత్తి మిల్లులు. గింజనుంచి దూది విడదీసే యంత్రంలో రెండు రోలర్లు పక్కపక్కన తిరుగుతుంటయ్. ఇనుప కడ్డీకి గుండ్రటి తోలు బిళ్ళలు పదులకొద్దీ గుచ్చి, బిగించి, లేతు మీద చెక్కి, మెలి తిరిగిన గాడి కోస్తారు. దూది తోలుని కరుచుకుంటది. గింజ కత్తి అంచు దగ్గర ఆగి కింద రాలుద్ది. మా మిల్లుల్లో తోలు లేనిదే దూది లేదు.

అన్నది ప్రకాశం జిల్లా మాదిగపల్లె. నాది గుంటూరు జిల్లా మాలపల్లె. వాళ్ళ అయ్య లందలో తోళ్ళు ఊనినోడు, ఆసాములకి చెప్పులు కుట్టినోడు. "తంగేడు చెక్క నీళ్ళల్లో తోలు ఎన్నాళ్ళు నానాల్నో మా అయ్యకి వాసనతోనే తెలిసేదిరా" అనేవాడు అన్న. బిళ్ళని చేత్తో వంచి చూసి ఇది మెడ తోలు, ఇది వీపు తోలు అని ఏరేవాడు. మెత్తదీ గట్టిదీ కలిపి గుచ్చితే రోలరు ఎగుడుదిగుడుగా అరుగుద్దని చెప్పేవాడు. మేస్త్రీకి ఆ సంగతి తెలవదు. జీతం మాత్రం మేస్త్రీకే ఎక్కువ.

"నీ కులం పనేగా, ఒకరు నేర్పాలా ఏంది?" అన్నాడొకసారి మేస్త్రీ.

"ఇనుముకి ఐటిఐ ఉంది. తోలుకి మా అయ్య ఉన్నాడు. రెండూ చదువే" అన్నాడు అన్న.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినోళ్ళు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. అన్న పని మానేసి చీరాల పోయాడు. నేనూ వెంట పోయా. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపినప్పుడు నాకంటే ముందు అన్నే సంచి సర్దాడు. "కారంచేడప్పుడు నువ్వు రాలా?" అన్నాడు, అంతే.

ఇదంతా చెప్పుకోడానికి బాగానే ఉంటది. చెప్పుకోలేనిది కూడా చెప్పాలి. పదకొండేళ్ళు పక్కపక్కన పనిచేశాం. అన్న మా ఇంటికొచ్చినప్పుడల్లా మా అమ్మ అరుగు మీదే అన్నం పెట్టింది. నేను చూస్తా ఊరుకున్నా. అన్న ఇంట్లో ఏదో ఒక వంక చెప్పి నేను మెతుకు ముట్టలా. మాది లూథరన్ గుడి, వాళ్ళది బాప్టిస్టు గుడి. ఇద్దరికీ ఏసే దేవుడు. అయినా కంచం దగ్గర మాల మాలే, మాదిగ మాదిగే.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టింది. అన్న తన సామాన్ల పెట్టె మీద పేరు పక్కన 'మాదిగ' అని పెయింటుతో రాసుకున్నాడు.

"మనల్ని చీలుస్తున్నారన్నా" అన్నా.

అన్న లేతు ఆపాడు. "నేను మీ అరుగు మీద తిన్ననాడు చీలలేదా తమ్ముడూ?"

నేను జవాబు చెప్పలేకపోయా. ఆ తర్వాత మామధ్య మాట తగ్గింది. పని మాత్రం కలిసే చేశాం. బిళ్ళలు అన్న ఏరేవాడు, గాడి నేను కోసేవాణ్ణి.

కొన్నేళ్ళకి అన్నకి దగ్గు పట్టుకుంది. మేం చెక్కింది క్రోమియంతో పదును చేసిన తోలు. దాని పొడి ఊపిరికి చేటని తర్వాతెప్పుడో చదివా. ముంబయిలోని పత్తి పరిశోధన సంస్థ తోలు లేని రోలర్లు తయారుచేసిందనీ చదివా. మాకైతే మూతికి తువ్వాలు తప్ప ఏమీ లేదు. దగ్గీ దగ్గీ అన్న పోయాడు. వర్క్‌షాపు రిజిస్టర్లో పేరే లేదు. వదిన ఎవర్నడిగినా పైసా రాలా.

జ్ఞాపకార్థ కూడిక నాడు వదిన నాకు ఇంట్లో చాప వేసింది. ఏమీ మాట్లాడకుండా అన్నం పెట్టింది. తిన్నా. ఆ ఇంట్లో నేను తిన్న మొదటి ముద్ద అదే. చూడ్డానికి అన్న లేడు.

2024 ఆగస్టు 1న ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. మా పల్లెలో కొందరు కోపపడ్డారు. నాకు మాత్రం మా అరుగే కళ్ళముందు కనపడింది. అన్న అడిగింది కోర్టుని కాదు, నన్ను. జవాబు చెప్పడానికి నాకు ఇంతకాలం పట్టింది. చీలే ఉన్నాం అన్నా. అందులో నా చెయ్యీ ఉంది.