స్విచ్ ఆపితే ఆగదు

పొంగలు సెలవుల్లో మనవరాలిని వెంటబెట్టుకుని విరుదునగర్ నుంచి తూత్తుకుడికి బస్సులో వెళ్లాను. అక్కడ మా చిన్నకూతురి ఇల్లు. పిల్ల పదో తరగతి. అరైయాండు పరీక్షలో సైన్సు తప్పింది. "నాకు ఫిజిక్సు ఎక్కదు తాతా. పది అయిపోతే నేనూ మిల్లుకే పోతా" అని ఇంట్లో తేల్చి చెప్పేసింది. మిల్లు తప్పని నేనెట్లా అంటాను? ముప్పై నాలుగేళ్లు ఆ కూడే తిన్నాను. కానీ కావాలని పోవడం వేరు, చదువు రాదనుకుని పోవడం వేరు. "పుస్తకం సంచిలో వేసుకో, దారిలో చూద్దాం" అన్నాను. నేను చదివింది ఎనిమిది.

బస్సు ఊరు దాటి పెద్ద రోడ్డెక్కింది. "కిలోమీటరు రాయి కనబడగానే వాచీ చూడు. ఇంకో రాయి వచ్చేదాకా ఎన్ని సెకన్లో చెప్పు" అన్నాను. 60 అంది. గంటకు 3600 సెకన్లు. 60తో భాగిస్తే 60. అంటే గంటకు 60 కిలోమీటర్ల జోరు. ముందర లారీ అడ్డం వచ్చాక 72 సెకన్లు పట్టింది. అంటే 50కి తగ్గింది.

"ఇదేనా వేగం?" అని అడిగింది. మన పిల్లలకు ఇక్కడొక చిక్కుంది. బళ్లో తమిళంలో వేగం అంటే జోరు ఒక్కటే. దిక్కు కూడా చేరిస్తే దిసైవేగం. తెలుగు పుస్తకాల్లో జోరును వడి అంటారు, దిక్కుతో కలిపితేనే వేగం. ఒకే మాట, భాష మారితే అర్థం మారిపోతుంది.

"దిక్కుతో పనేముంది తాతా?" అంది. వాళ్లమ్మ నడిపే రింగు ఫ్రేమును గుర్తుచేశాను. రింగు అడ్డకొలత 40 మిల్లీమీటర్లు, స్పిండిల్ నిమిషానికి 15,000 చుట్లు అనుకుందాం. రింగు మీద తిరిగే ట్రావెలరు స్పిండిల్‌కంటే కొంచెం వెనకబడుతుంది. ఆ వెనకబాటు వల్లే నూలు చుట్టుకుంటుంది. అయినా లెక్కేస్తే దాని వడి గంటకు 110 కిలోమీటర్ల పైనే! మా బస్సుకు రెండింతలు. కానీ గాజంత కూడా లేని రింగు దాటి పోదు. వడి మారకపోయినా దిక్కు క్షణక్షణం మారుతుంది కాబట్టి వేగం మారుతున్నట్టే. దాన్ని తిప్పుతూ ఉండాలంటే రింగు లోపలికి తోస్తూనే ఉండాలి. ఆ రాపిడికే ట్రావెలరు వేడెక్కి అరిగిపోయేది.

"మరి అమ్మ?" అంది పిల్ల నవ్వుతూ. అమ్మ షిఫ్టంతా సైడ్ల మధ్య కిలోమీటర్లు నడుస్తుంది. అది దూరం. గేటులో మొదలుపెట్టి మళ్లీ గేటుకే వస్తుంది కాబట్టి స్థానభ్రంశం సున్నా. పిల్ల నవ్వు ఆపేసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

సాత్తూరులో కారాసేవు అమ్మే కుర్రాడు ఎక్కాడు. బస్సు కదిలాక దూకేశాడు. బస్సు పోయే దిక్కుకే నాలుగడుగులు పరుగెత్తి నిలబడ్డాడు. ఎందుకు పరుగెత్తాడు? కాళ్లు నేలను తాకి ఆగినా, ఒళ్లు ఇంకా బస్సు వడిలోనే ఉంది. పరుగెత్తకపోతే ముందుకు బోర్లా పడేవాడు. డ్రైవరు బ్రేకు కొడితే మనం ముందుకు తూలేదీ అందుకే. కదిలేది కదులుతూనే ఉంటానంటుంది, ఆగినది ఆగే ఉంటానంటుంది. తమిళంలో నిలైమం, తెలుగులో జడత్వం. "దీనికేనా నాకు మార్కు పోయింది!" అంది.

కోవిల్‌పట్టిలో బస్సు మారాం. కడలై మిఠాయి కొన్నాం. ఎట్టయపురం మీదుగా పోతూ ఒక మాట చెప్పాను. సుబ్బరామ దీక్షితులు తెలుగులో రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఈ ఊళ్లోనే అచ్చయింది. అంత పెద్ద శాస్త్రం తెలుగులో ఇక్కడ పుట్టగా లేనిది, జడత్వం అనే మాట మన ఇంట్లో పలకలేమా?

తూత్తుకుడిలో సాయంత్రం సముద్రం ఒడ్డుకు పోయాం. 1908లో ఈ ఊరి కోరల్ మిల్లు కార్మికుల సమ్మెను నడిపించిన వ.ఉ.చిదంబరం పిళ్లై పేరే రేవుకు పెట్టారు. దూరంగా ఓడ ఒకటి వస్తోంది. "అంత పెద్ద ఓడను ఎట్లా ఆపుతారు?" అంది. ఇంజను ఆపగానే ఆగదు. బరువు ఎక్కువ, నీళ్ల రాపిడి చాలదు. అందుకే ఎంతో ముందునుంచే తగ్గించుకుంటూ వస్తారు, రేవులో టగ్గులు పట్టుకుని సర్దుతాయి.

అప్పుడు నా ఎడమచెయ్యి చూపించాను. చూపుడువేలికి మొదటి కణుపు లేదు. మిల్లులో తెగిందని తెలుసు కానీ, ఎట్లా అని ఆ పిల్ల ఎన్నడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

కార్డింగులో ఉన్నాను. దూది చిక్కుకుంటే స్విచ్ ఆపాను. మోటారు సద్దు పోయింది. ఆగిందనుకుని మూత తీసి చెయ్యి పెట్టాను. సిలిండరు ఇంకా తిరుగుతూనే ఉంది. బరువైన ఇనుము, బేరింగులు బాగా నూనె పట్టినవి. రాపిడి ఎంత తక్కువుంటే మిషను అంత బాగున్నట్టు, ఆగడమూ అంత ఆలస్యం. సన్నపళ్లు గిర్రున తిరుగుతుంటే నున్నటి అద్దంలా కనబడతాయి, తిరుగుతున్నదీ లేనిదీ కంటికి తేలదు. నాకు ఈ పాఠం పుస్తకంలో దొరకలేదు. దొరికుంటే వేలు ఉండేది.

పిల్ల ఆ వేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కొత్త మిషన్లలో సిలిండరు ఆగితేగానీ మూత తెరుచుకోని ఏర్పాటుంది. ఆ ఏర్పాటు లేని పాత మిషన్ల దగ్గరా మనవాళ్లు పనిచేస్తున్నారు. కాబట్టి ఇంట్లో పిల్లలకే కాదు, కొత్తగా పనిలో చేరేవాళ్లకూ చెప్పండి: స్విచ్ ఆపడం వేరు, మిషను ఆగడం వేరు. ఆగిందని తేలాకే చెయ్యి పెట్టాలి. మేస్త్రీ తొందరపెట్టినా సరే.

మనవరాలు పది తర్వాత ఏం చేస్తుందో ఇంకా తేల్చుకోలేదు. ఇప్పుడైతే పరీక్షకు చదువుతోంది. మొన్న బళ్లోనుంచి వచ్చి, టీచరు ఉదాహరణ అడిగితే బస్సు చెప్పలేదు తాతా, కార్డింగు సిలిండరు చెప్పాను అంది.