కారణం అనే గడి

కిందటి వారం అటక మీది సామాను దించుతుంటే నాన్నగారి అర్జీల పుస్తకాలు బయటపడ్డాయి. అట్టలు చిరిగిన పొడుగాటి లెక్కల పుస్తకాలు. ప్రతి పుటలోనూ స్కేలు పెట్టి గీసిన నిలువు గీతలు. తేదీ, పేరు, సమస్య, కారణం, ఫలితం అని పైన ఎర్రసిరాతో రాసిన శీర్షికలు. దుమ్ము దులిపి మళ్ళీ అటకెక్కించేద్దామనుకున్నవాణ్ణి, సాయంత్రం దాకా వాటి ముందే కూర్చుండిపోయాను.

మాది ఎచ్చెర్ల. శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు వచ్చేటప్పుడు జాతీయ రహదారి మీద తగిలే ఊరు. 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చిన తర్వాత దూరప్రాంతాలవారికి కూడా ఈ పేరు కొంత తెలిసింది. నాన్నగారు బడిపంతులుగా పదవీ విరమణ చేశాక, పొద్దుటి కాఫీ అవగానే వీధి అరుగు మీద చాప పరుచుకుని కూర్చునేవారు. పింఛను రానివారు, రేషన్ కార్డులో పేరు తప్పుపడ్డవారు, ఉపాధి పని చేసినా కూలి అందనివారు ఒక్కొక్కరే వచ్చేవారు. ఆయన వివరం అడిగి, అర్జీ రాసి, ఏ కార్యాలయంలో ఎవరికివ్వాలో చెప్పి పంపేవారు. రూపాయి పుచ్చుకునేవారు కాదు. ఎవరైనా కొబ్బరికాయో, పావుకిలో జీడిపప్పో తెస్తే మాత్రం అమ్మ ముఖం చూసి నవ్వి ఊరుకునేవారు.

నాకు ఆ పుస్తకాల మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. అర్జీ రాసిచ్చాక దాన్ని మళ్ళీ గళ్ళలో ఎక్కించడం పంతులుగారి హాజరుపట్టీ అలవాటు అనుకునేవాణ్ణి.

2023 వేసవిలో సెలవు మీద ఇంటికి వచ్చాను. నాన్నగారికి ఒంట్లో నలతగా ఉండి, అరుగు మీద నన్ను కూర్చోమన్నారు. మొదటిరోజే పక్కవీధి ముసలమ్మ వచ్చింది. "బావూ, పనిసేసి మూన్నెల్లయింది, డబ్బుల్పడ్నేదు. ఆపీసుకెల్తే బేంకుకెల్లమంతారు, బేంకుకెల్తే ఆపీసుకెల్లమంతారు. నానేటి సేసేది?" అంది. ఆ రెండు చోట్లకీ మధ్య తిరగడానికి ఆమె ఆటోలకు పెట్టిన ఖర్చు రెండు రోజుల కూలి దాటింది.

నాకు తెలిసిన మిత్రుడొకడు పై స్థాయిలో ఉన్నాడు. ఫోను చేశాను. అరగంటలో సంగతి తేలింది. ఆమె డబ్బు ఎక్కడికీ పోలేదు. ఉపాధి కూలి ఆధార్ సంఖ్యను బట్టి జమ అయ్యే పద్ధతిలో, ఆ సంఖ్యకు చిట్టచివర ఏ ఖాతాను జోడిస్తే ఆ ఖాతాలోనే సొమ్ము పడుతుంది. ఎప్పుడో ఎవరో వీధిలోకి వచ్చి, ఆమె వేలిముద్ర తీసుకుని కొత్త ఖాతా తెరిచి వెళ్ళారు. పాసుపుస్తకం కూడా లేని ఆ ఖాతాలో మూడు నెలల కూలీ భద్రంగా ఉంది. నాలుగో రోజున ఆమె చేతికి సొమ్ము అందింది. నా తల నిమిరి, "నీ కడుపు సల్లగుండ" అంది. నేను విజయగర్వంతో లోపలికి వెళ్ళి నాన్నగారికి చెప్పాను.

ఆయన మెచ్చుకుంటారనుకున్నాను. "కారణం గడిలో ఏం రాశావు?" అని అడిగారు. ఏమీ రాయలేదన్నాను. పని అయిపోయింది కదా, ఇంకెందుకన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఆవిడకు మేలు చేశావు, బాగుంది. కానీ సిఫారసుతో చేశావు. అర్జీ లేదు, నమోదు లేదు. కాగితం మీద ఆవిడకు ఇబ్బందే రాలేదు. రేపు ఇదే తిప్పలు ఇంకొకరికి వస్తే, ఇదివరకు ఇలా జరగలేదే అంటారు. సిఫారసు చేసేవాడు లేనివాళ్ళ సాక్ష్యాన్ని నువ్వు చెరిపేశావురా."

ఆ మాట గుచ్చుకుంది. మర్నాటి నుంచి వచ్చినవాళ్ళందరినీ ఖాతాల గురించి అడిగి రాయసాగాను. సెలవు ముగిసేలోగా అదే కారణం మళ్ళీ మళ్ళీ రాయవలసి వచ్చింది. ఒకరికి జరిగితే పొరపాటు. వరసగా జరుగుతూ ఉంటే అది పద్ధతిలోనే ఉన్న లోపం. ఆ తేడాను చూపగలిగేది కారణం అనే గడి ఒక్కటే.

తర్వాత చదువుకుంటే తెలిసింది, నాన్నగారు అరుగు మీద చేసినదాన్ని ఇంగ్లండులో ఒక పెద్ద సంస్థే చేస్తున్నదని. 1939 సెప్టెంబరులో, యుద్ధం ప్రకటించిన మర్నాడే, సిటిజన్స్ అడ్వైస్ కేంద్రాలు అక్కడ మొదలయ్యాయి. వాటికి ఆశయాలు రెండు. వచ్చినవారికి సలహా చెప్పడం ఒకటి. వచ్చినవారి కష్టాలను పోగుచేసి, ఆ కష్టాలకు మూలమైన విధానాలను మార్పించడం రెండోది. సంక్షేమ భృతి గురించి అడగడానికి పేదలు చేసే ఫోనుకు నిమిషానికి 55 పెన్నీల దాకా ఖర్చవుతున్నదని వారూ ఇతరులూ గట్టిగా అడిగిన మీదట, 2017 అక్టోబరులో ప్రభుత్వం ఆ ఫోనును ఉచితం చేస్తున్నట్టు ప్రకటించింది.

అంత దూరం పోనక్కరలేదు. రాజస్థాన్‌లో 1990లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, కూలి సరిగా ముట్టని పల్లెల్లో మస్టర్లు చూపించమని అడగడంతో బయల్దేరి, 1994 చివర నుంచి ఊరందరి ముందూ లెక్కలు చదివించింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం వెనుక ఆ పల్లెల రచ్చబండలున్నాయి. మన రాష్ట్రంలోనే, 2009 జనవరిలో కేంద్రం ఉపాధి కూలిని 100 రూపాయల దగ్గర కట్టివేసినప్పుడు, వ్యవసాయ వృత్తిదారుల యూనియన్ హైకోర్టుకు వెళ్ళింది. కనీస వేతనంకన్నా తక్కువ ఇవ్వడం కుదరదని ఆ ఏడు జూలైలో కోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

ఇంకొకటి నాకు మరీ దగ్గరగా తోచింది. కూలి పదిహేను రోజుల్లో అందకపోతే ఆలస్యానికి పరిహారమివ్వాలని ఉపాధి చట్టంలో ఉండేది. అయితే ప్రభుత్వం లెక్కగట్టినది స్థానిక కార్యాలయం కాగితాలు పంపేదాకా జరిగిన జాప్యాన్నే. ఆ తర్వాత ఢిల్లీలో జరిగినది లెక్కలోకే రాలేదు. పరిశోధకులు కొందరు 2016-17లో పది రాష్ట్రాల్లోని సుమారు 90 లక్షల చెల్లింపులను పరిశీలించి, గడువులో అందినవి 21 శాతమేనని తేల్చారు. 2018 మేలో సుప్రీంకోర్టు మొత్తం జాప్యానికీ పరిహారం ఇవ్వాలన్నది. తీర్పు వచ్చినంత మాత్రాన కూలీ చేతికి పరిహారం వచ్చేసిందనుకోకండి. కానీ ఆ జాప్యం కంటికి కనిపించింది. అంతకుముందు అది ముసలమ్మల గొణుగుడు మాత్రమే.

అన్నట్టు, ఉపాధి చట్టం మొదటి విడతలో, 2006లో, విజయనగరం జిల్లా ఉంది. మా శ్రీకాకుళానికి అది రెండో విడతలో వచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో మరో చట్టం చేసింది. నూరు రోజుల హామీ 125 రోజులైంది; ఖర్చులో 40 శాతం మనవంటి రాష్ట్రాలు మోయాలన్నారు. పేరు మారింది, లెక్కలు మారాయి. మా ముసలమ్మలాంటివారు ఏ కిటికీ దగ్గర ఆగిపోతారో ముందుగా చెప్పగలిగేది ఢిల్లీ కాదు, వాళ్ళు వెళ్ళి మొరపెట్టుకునే అరుగులు.

నాన్నగారు 2024లో వెళ్ళిపోయారు. నిన్న ఆయన చివరి పుస్తకంలో ముసలమ్మ పేరు వెతికాను. నేను రాయలేదు కనుక ఉండదనుకున్నాను. ఉంది. ఫలితం గడిలో "అబ్బాయి ఫోనుతో" అని ఉంది. కారణం గడిలో, వణికిన అక్షరాలతో, "ఖాతా మారింది, ఆమెకెవరూ చెప్పలేదు" అని రాశారు.

ఖాళీ పుటలు ఇంకా చాలా ఉన్నాయి. ఈ వేసవికి సెలవు పెట్టాను. చాప కూడా అటక మీదనే దొరికింది.