‘అరే’ అని ఆపే ఊళ్లో... ఒక ఫ్రెంచి పాట వెంట

మాంట్రియల్‌లో రోడ్డు మలుపు దగ్గర ఉండే ఎర్ర బోర్డు మీద ‘స్టాప్’ అని ఉండదు. ఫ్రెంచిలో ఉంటుంది. పలికితే అచ్చం ‘అరే’! కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి నవ్వొస్తుంది, ఎవరో మనల్నే ‘అరే’ అని కేకేసి ఆపినట్టు. తమాషా ఏంటంటే ఫ్రాన్స్‌లో అదే బోర్డు మీద ‘స్టాప్’ అనే రాస్తారు. చుట్టూ ఇంగ్లిష్ సముద్రంలా ఉన్న క్యూబెక్ వాళ్లకే ఆ మాట మీద పట్టుదల ఎక్కువ. దుకాణాల బోర్డులు ఫ్రెంచిలోనే ఉండాలని 1977లో చట్టం కూడా తెచ్చుకున్నారు.

చదువు కోసం ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది ఇదంతా నాకు చాదస్తంలా అనిపించేది. ఓ సాయంత్రం మా డిపార్ట్‌మెంట్‌లో ‘ఇంటర్నేషనల్ నైట్’ పెట్టి పాడమంటే ఇంగ్లిష్ పాటే పాడా. తెలుగు ఎవరికర్థమవుతుందిలే అని. చప్పట్లు కొట్టారు. కానీ మా ల్యాబ్‌లో పనిచేసే క్యూబెక్ అమ్మాయి దగ్గరికొచ్చి, ‘‘నాటు నాటు మీ భాషే కదా? ఆస్కార్ వేదిక మీద దాన్ని తెలుగులోనే పాడారు కదా? మరి నువ్వెందుకు పాడలేదు?’’ అంది. నా దగ్గర జవాబు లేదు. ‘‘షార్లమాన్ వెళ్లి రా. బస్సులో వెళ్లొచ్చు’’ అని నవ్వి వెళ్లిపోయింది.

పద్నాలుగో సంతానం

షార్లమాన్ అంటే సెలిన్ డియోన్ పుట్టిన ఊరు. అవును, ‘టైటానిక్’ పాట పాడినావిడే. మాంట్రియల్ దీవి ఈశాన్యపు కొస దాటగానే, నది ఒడ్డున ఉంటుంది. చిన్న ఊరు, చిన్న ఇళ్లు. మనం వెతుక్కుంటూ వెళ్లేంత పెద్ద గుడో కోటో ఏమీ ఉండదు. ఆమె పేరు పెట్టిన రోడ్డు మాత్రం ఉంది. ఆ రోడ్డు మీద నవంబరు చలిలో గ్లవ్స్ వేసుకుని అటూ ఇటూ నడిచా.

1968లో ఇక్కడే పద్నాలుగు మంది పిల్లల్లో ఆఖరిదిగా పుట్టింది. ఇంట్లో డబ్బుకి కరువున్నా పాటకి లేదు. అమ్మానాన్నా ఓ చిన్న పియానో బార్ నడిపేవాళ్లు. పిల్లలంతా అక్కడ పాడేవాళ్లు. సెలిన్ మొదటి పాటని వాళ్లమ్మ, అన్నయ్య కలిసి సమకూర్చారు. ఆ క్యాసెట్ రెనే ఆంజెలిల్ అనే మేనేజర్‌కి చేరింది. ఈ పిల్లని నమ్మి ఆయన ఇల్లు తాకట్టు పెట్టి 1981లో మొదటి ఆల్బమ్ తెచ్చాడు. అప్పటికి ఆమె వయసు పదమూడు. ఇంగ్లిష్ రాదు. అది తర్వాత ఎప్పుడో క్లాసులకి వెళ్లి నేర్చుకుంది.

1990లో మొదటి ఇంగ్లిష్ ఆల్బమ్ వచ్చింది. క్యూబెక్‌లో పెద్ద సంగీత పురస్కారాల సభలో ఆమెకి ‘ఇంగ్లిష్ కళాకారిణి’ కేటగిరీలో అవార్డు ప్రకటించారు. స్టేజీ ఎక్కి మరీ వద్దంది. తాను ఇంగ్లిష్‌లో పాడినా క్యూబెక్ గాయనినే అన్నది ఆమె వాదన.

బస్సు కోసం ఎదురుచూస్తూ ఇదంతా ఫోన్‌లో చదువుతుంటే నా ‘ఇంటర్నేషనల్ నైట్’ గుర్తొచ్చింది. ముఖం కొంచెం వేడెక్కింది. చలిలో అదీ ఒకందుకు మంచిదే!

నీలిరంగు కప్పు కింద

మర్నాడు పాత మాంట్రియల్‌లోని నోత్ర్‌దామ్ బసిలికాకి వెళ్లా. లోపల అడుగుపెట్టి తలెత్తితే ముదురు నీలం కప్పు, దాని నిండా బంగారు చుక్కలు. పట్టపగలే రాత్రి ఆకాశం కిందికి వచ్చినట్టుంటుంది.

1994 డిసెంబరులో సెలిన్, రెనేల పెళ్లి ఇక్కడే జరిగింది. అప్పటికే ఆమె పాట అమెరికాలో నంబర్ వన్. ఇంకెవరైనా అయితే వెంటనే మరో ఇంగ్లిష్ ఆల్బమ్ చేసేవాళ్లు. పెళ్లయిన మూడు నెలలకి, 1995 మార్చిలో, ఆమె ‘దూ’ అనే ఫ్రెంచి ఆల్బమ్ తెచ్చింది. ‘వాళ్ల గురించి’ అని అర్థం.

పాటలు రాసింది ఫ్రాన్స్‌లో స్టార్ అయిన జాన్ జాక్ గోల్డ్‌మన్. ఆయన చేసిన గొప్ప పని ఏంటో తెలుసా? ఆమెని ‘తక్కువ’ పాడమనడం. అంత పెద్ద గొంతుని ప్రతి లైన్లోనూ చూపించక్కర్లేదు, పక్కన కూర్చున్నవాళ్లకి చెప్తున్నట్టు పాడితే చాలని. జబ్బుతో చిన్న వయసులోనే చనిపోయిన ఆమె మేనకోడలి కోసం కూడా ఓ పాట రాశాడు. దాని పేరుకి ‘ఎగిరిపో’ అని అర్థం. ఇంట్లో పుట్టిన దుఃఖాన్ని ఇంటి భాషలో పాడుకోవడమన్నమాట.

ఫ్రాన్స్‌లో ఆ ఆల్బమ్ 44 వారాలు నంబర్ వన్‌గా ఉంది. ఇప్పటికీ ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఫ్రెంచి ఆల్బమ్ అదే. నువ్వు నన్ను మళ్లీ ప్రేమించేలా ఏమైనా చేస్తానంటూ సాగే పాట బ్రిటన్ చార్టుల్లో 7వ స్థానం దాకా వెళ్లింది. ఇంగ్లిష్ పుట్టినింట్లో, ఫ్రెంచి మాటలతో!

ఎర్ర విమానం గుర్తు

సెలవులకి హైదరాబాద్ వచ్చేటప్పుడు పారిస్‌లో ఒకరోజు ఆగేలా టికెట్ బుక్ చేసుకున్నా. ఐఫిల్ టవర్ చూడమని అమ్మ చెప్పింది. నేను మెట్రో 5వ లైనెక్కి పోర్త్ ద పాంతాఁలో దిగా. కాలువ, పచ్చిక, అక్కడక్కడా బొమ్మరిళ్లలాంటి ఎర్రటి కట్టడాలు... అదే లా విలెత్ పార్కు. ఒకప్పుడు ఇక్కడ నగరపు కబేళాలుండేవి. 1974లో మూసేశారు. ఆ స్థలంలోనే 1984లో జెనిత్ అనే కచేరీ హాలు తెరిచారు. స్తంభం మీద ముక్కు కిందికి వంచిన ఎర్ర విమానం కనిపిస్తే హాలుకి చేరినట్టే.

‘దూ’ ఆల్బమ్‌ని వెంటబెట్టుకుని సెలిన్ కెనడా, యూరప్‌లు తిరిగిన టూర్‌లో అందరికీ గుర్తుండిపోయిన చోటు ఇది. 1995లో ఇక్కడ పాడిన పాటలే ‘లైవ్ ఎ పారి’ ఆల్బమ్ అయ్యాయి. ఆరు వేల పైచిలుకు మంది పట్టే హాలు. స్టేడియంతో పోలిస్తే చిన్నదే.

ఆరోజు కచేరీ ఏమీ లేదు. తలుపులు మూసున్నాయి. మెట్ల మీద కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఆల్బమ్ మొదట్నుంచి విన్నా. ఫ్రెంచి పాటల మధ్యలో ‘ది పవర్ ఆఫ్ లవ్’ వచ్చింది, ఇంగ్లిష్‌లోనే. నాకు ఆశ్చర్యమేసింది. ఫ్రెంచి మీద ప్రేమతో ఆమె ఇంగ్లిష్‌ని బయటికి గెంటలేదు. అమెరికాలో గెలిచానని ఫ్రెంచిని మూలన పడేయలేదు. రెండూ ఒకే గొంతులో, ఒకే రాత్రి. నేనేమో ఇన్నాళ్లూ తెలుగుని హాస్టల్ గది చెప్పుల్లా చూశా. గుమ్మం దాటితే విప్పేయడమే.

ఇంకొక్క రాత్రి

మాంట్రియల్ బసిలికా కథ పెళ్లితో అయిపోలేదు. 2016 జనవరిలో రెనే చనిపోయాడు. పెళ్లి జరిగిన ఆ నీలి కప్పు కిందే అంత్యక్రియల ప్రార్థన జరిగింది. రెండు రోజుల తేడాలో అన్నయ్య కూడా పోయాడు. ఆ ఏడాది ఆమె చేసింది మళ్లీ ఫ్రెంచి ఆల్బమే. గోల్డ్‌మన్ రాసిన పాట పేరే దానికీ పెట్టారు. ‘ఇంకొక్క రాత్రి’ అని అర్థం. ఆ వేసవిలోనే పారిస్, మాంట్రియల్ నగరాల్లో వరస కచేరీలు చేసింది.

కండరాలు బిగుసుకుపోయే అరుదైన జబ్బు ఉందని 2022 డిసెంబరులో ఆమే చెప్పింది. అక్కడితో పాట ఆగిపోయిందనుకున్నారు చాలామంది. 2024 జులై 26న ఒలింపిక్స్ ఆరంభ వేడుకలో, వానలో, ఐఫిల్ టవర్ మీద నిలబడి మళ్లీ పాడింది. అదీ ఫ్రెంచి పాటే, ఎదిత్ పియాఫ్‌ది.

సాయంత్రం ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే టవర్ దూరంగా కనిపించింది. అమ్మకి ఫొటో పంపా. దారిలో ఓ మలుపు దగ్గర ‘స్టాప్’ బోర్డు కూడా చూశా. ఎందుకో ‘అరే’ మీద బెంగపుట్టింది.

ఈసారి ‘ఇంటర్నేషనల్ నైట్’కి పేరిచ్చేశా. భాష అన్నచోట ‘తెలుగు’ అని రాశా. చిన్నప్పుడు అమ్మ వంటింట్లో పాడే పాట అది. పల్లవి వచ్చు. మొదటి చరణం వచ్చు. రెండోది గుర్తులేదు. ఫోన్ చేస్తే అమ్మ కూడా మధ్యలో తడబడి ఆగిపోయింది.

‘‘ఉండు, అమ్మమ్మని అడిగి చెప్తా’’ అంది.