సన్నగా కూసే శబ్దం

సంక్రాంతికి గణపవరం వెళ్తే మావయ్య ఈసారి అరిసెల కంటే ముందు పిస్టన్లు పెట్టాడు నా ముందు. పాత దినపత్రిక మీద మూడు పిస్టన్లు, పక్కపక్కన, కిరోసిన్‌తో కడిగి, తుడిచి. మూడూ చెట్లు కోసే రంపం మిషన్లవి. మూడింటికీ ఒకే పక్కన నిలువుగా గీతలు, పిల్లి గీరినట్టు.

"చూడమ్మాయ్, ఏం అర్థమైంది?" అన్నాడు.

నాకేం అర్థమవుతుంది! నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పగలంతా వేరేవాళ్లు రాసిన దాంట్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. మావయ్య చేసేదీ అదేనని చాలా ఏళ్ల కిందట ఒకసారి గొప్పగా అన్నాను. ఆయన నవ్వి, "మీ దాంట్లో వేళ్లు తెగవు కదా" అన్నాడు. ఆ పోలిక అక్కడితో ఆపేశాను.

మావయ్య షాపు తాడేపల్లిగూడెం రోడ్డు మీద. షాపంటే రేకుల షెడ్డు, ఒక బల్ల, ఒక వైసు, గోడ నిండా మేకులకి వేలాడే రింగులూ కేబుళ్లూ. బోర్డు లేదు. ఆయన పని నేర్చుకుంది లూనాలూ సువేగాలూ రాజ్‌దూత్‌ల మీద. తర్వాత ఆర్ఎక్స్ 100 కాలం వచ్చింది. ఆ బండి 1985లో వచ్చి 1996లో ఆగిపోయినా, దాని మీద కుర్రాళ్లకున్న మోజు ఇప్పటికీ మా మావయ్యకి ఏడాదికి రెండు మూడు ఇంజన్లు తెచ్చిపెడుతుంది. పెట్రోలు బంకుల్లో మిక్సింగ్ పంపు విడిగా ఉండే రోజులవి. రోడ్ల మీద నుంచి టూ స్ట్రోక్ బళ్లు పోయాక ఆయన పనీ పోవాల్సిందే. కానీ ఆ ఇంజను రోడ్డు దిగి చేలోకి వెళ్లింది. వరికి దోమ మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, తర్వాత ఈ రంపాలు. చేపల చెరువుల గట్ల మీద కొబ్బరిచెట్లూ, రోడ్ల పక్కన నిద్రగన్నేర్లూ, పెరళ్లలో వేపచెట్లూ ఉన్నంతకాలం కోసేవాళ్లుంటారు. 8,000, 9,000 పెడితే చైనా రంపం వచ్చేస్తోంది. గొడ్డలి పనివాళ్లు చాలామంది అప్పు చేసి ఒకటి కొనుక్కున్నారు.

చెట్లు కోసేవాడికి టూ స్ట్రోకే ఎందుకంటే, దాన్ని ఎలా వంచినా పనిచేస్తుంది. మామూలు బైకు ఇంజన్లో ఆయిలు అడుగున నిలవుంటుంది, తలకిందులు చేస్తే కుదరదు. దీనికి అసలు విడిగా ఆయిలే లేదు. పెట్రోల్లోనే కలిపి పోస్తాం. పిస్టన్ పైకెళ్లినప్పుడు కింద గదిలోకి ఆ మిశ్రమాన్ని పీలుస్తుంది, కిందకొచ్చినప్పుడు పైకి నెడుతుంది. వెళ్తూ వెళ్తూ ఆ చమురే బేరింగులకీ పిస్టన్‌కీ రాసుకుంటుంది. కార్బొరేటర్లో బైకుకున్నట్టు తేలే బెండు ఉండదు, దాని బదులు పల్చటి పొర ఒకటి ఇంజను ఊపిరితో పాటు కొట్టుకుంటూ పెట్రోలు లాగుతుంది. "దీనిక్కూడా గుండుందే" అనేవాడు మావయ్య, నా చిన్నప్పుడు ఆ పొరని వెలుతురుకి పెట్టి చూపిస్తూ. నిమ్మతొన మీద పొరలా ఉండేది. గట్టిపడితే పని అయిపోయినట్టే.

వేసవి సెలవుల్లో నేను ఆ షెడ్లో కూర్చునేదాన్ని. ఆడపిల్లకి అక్కడేం పనని అమ్మమ్మ గొణిగేది. మావయ్య మాత్రం స్టూలు వేసేవాడు. రంపం తెచ్చినవాణ్ణి ముందు ఏమీ విప్పకుండా ప్రశ్నలడిగేవాడు. ఒక్కసారిగా ఆగిందా, గుక్కలు పెట్టి ఆగిందా? ఆగే ముందు శబ్దం పెరిగిందా, తగ్గిందా? వేడిగా ఉన్నప్పుడు స్టార్టవట్లేదా, చల్లగా ఉన్నప్పుడా? అప్పుడే చేతులు పెట్టేవాడు. ప్లగ్గు విప్పి రంగు చూస్తాడు. ఇటుకపొడి రంగుంటే మంచిది, నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలిపోయి ఉంటే తక్కువ. ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కలు పెట్రోలు వేసి తాడు లాగుతాడు. రెండు సెకన్లు పలికి చచ్చిపోయిందా, నిప్పు బాగానే ఉంది, పెట్రోలు రావట్లేదన్నమాట. ప్లగ్గు బిగించి, మిషన్ని తాడు పిడి పట్టుకుని గాల్లో వేలాడదీస్తాడు. ఆగి ఆగి దిగితే రింగులు బాగున్నట్టు. జారుడుబల్ల మీద పిల్లాడిలా జర్రున దిగిందంటే బోరు పోయినట్టు.

ఒకసారి నిడమర్రు వైపు నుంచి చెరువు రైతు ఒకాయన వచ్చాడు. రంపం పది నిమిషాలు ఆడుతుందట, ఆగిపోతుందట, కాసేపు కూర్చుంటే మళ్లీ ఆడుతుందట. వేరేచోట కార్బొరేటర్ మార్పించాడు, కాయిల్ మార్పించాడు. మావయ్య దాన్ని ఆడించి, ఆగిపోయే సమయానికి పెట్రోలు ట్యాంకు మూత కాస్త వదులు చేశాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది, ఇంజను తేరుకుంది. మూతలో గాలిరంధ్రం పొట్టుతో మూసుకుపోయింది, అంతే. పిన్నీసుతో తీశాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ రైతు నమ్మలేక మూత వంకా మావయ్య వంకా చూడటం నాకింకా గుర్తుంది. మా ఇంట్లో మావయ్య పేరు చెప్పగానే అందరూ చెప్పుకునే కథ ఇది.

కానీ ఆయన అసలు విద్య ఇది కాదు. కార్బొరేటర్ పక్కన రెండు చిన్న స్క్రూలుంటాయి. ఒకటి నెమ్మదిగా ఆడినప్పటికి, ఒకటి పూర్తి వేగానికి. పెద్ద వేగం స్క్రూ బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, ఇంజను ఇంకా హుషారుగా తిరుగుతుంది, కోసేవాడు సంతోషిస్తాడు. పెట్రోలుతో పాటు చమురూ తగ్గిందని, లోపల కాలిపోతోందని వాడికి తెలీదు. సరైన చోట పెడితే, చెట్టుకి ఆనించకుండా పూర్తి వేగంలో పట్టుకున్నప్పుడు కాస్త గరగరమనాలి, గొంతులో కఫం ఉన్నట్టు. చెట్టుకి ఆనించగానే ఆ గరగర పోయి గొంతు శుభ్రపడాలి. ఏమీ ఆనించకుండానే ఈలలా సన్నగా కూసిందంటే చావుకి దగ్గరగా ఉంది. ఆ రెండింటికీ మధ్య స్క్రూ తేడా పావు చుట్టు కూడా ఉండదు. దీనికి మీటరుంది, నిమిషానికెన్ని తిప్పలో చూపిస్తుంది. మావయ్య కొనలేదు. చెవి ఉండగా మీటరెందుకన్నాడు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం వైపు తీరం దాటింది. మర్నాటి నుంచీ రెండు వారాలు షెడ్డు ముందు రంపాలు వరసలో ఉన్నాయట. కొబ్బరి మొద్దు కోసి కోసి పళ్లు పోయిన చైన్లు, నానిన పొట్టుతో మూసుకుపోయిన ఫిల్టర్లు. అత్తయ్య అన్నం కూడా షెడ్డుకే పంపింది. ఆ గొడవలోనే మొదటి రంపం పట్టేసింది. పట్టేయడమంటే పిస్టన్ బోరుకి అతుక్కుపోవడం. తాడు లాగితే రాదు. నాలుగు రోజుల కిందటే మావయ్య దగ్గర బాగుచేయించుకెళ్లిన మిషను. తెచ్చినవాడు కూలికి చెట్లు కోసే మనిషి, పాతికేళ్ల వాడు. మావయ్య సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి చూసి, గీతలు కనపడగానే, "ఉత్త పెట్రోలు పోసావు, ఆయిల్ కలపడం మర్చిపోయావు" అన్నాడు. వరసలో అంతమంది ఉండగా. వాడు కూతురి మీద ఒట్టేశాడట. "ఇంజను అబద్ధం చెప్పదురా" అన్నాడట మావయ్య.

నవంబరు చివర ఇంకోటి. డిసెంబర్లో మూడోది. అన్నీ మావయ్య చేతి మీదుగా వెళ్లినవే.

మూడోదానికి ఆయన కూర్చుని మూడిటినీ పూర్తిగా విప్పాడు. నా ముందు పెట్టిన పిస్టన్లు అవే. "ఉత్త పెట్రోలైతే నాలుగు పక్కలా గీరుకోవాలమ్మాయ్. ఇదిగో, పొగ పోయే పక్కనే ఉన్నాయి. ఇటు తిప్పు, పెట్రోలొచ్చే పక్క ఎంత శుభ్రంగా ఉందో చూడు, ఫ్యాక్టరీలో చెక్కిన గీతలు కూడా పోలేదు. చమురుంది. వేడే ఎక్కువైంది." అంటే మొదటి రోజు సైలెన్సర్ రంధ్రంలోంచి చూసింది సగం పిస్టన్. తొందరలో సగం చూసి ఒక మనిషిని నలుగురిలో దొంగని చేశాడు. ఈ మాట ఆయన అనలేదు. ఆ పిస్టన్ని తిప్పి తిప్పి పెట్టాడు.

వేడెందుకు ఎక్కువైందన్నది తర్వాతి ప్రశ్న. ఎక్కడో గాలి లీకైతే అవ్వొచ్చు. సీళ్లు చూశాడు, రబ్బరు గొట్టాలు చూశాడు, ఏ లీకూ లేదు. అయినా మూడు రంపాలకీ ఒకేసారి లీకులు రావు. కొన్నాళ్లు ఇథనాల్ పెట్రోలుని అనుమానించాడు. అది పూర్తిగా ఉత్త అనుమానం కాదు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్లో ఆక్సిజన్ ఎక్కువ, పాత లెక్కకి పెట్టిన స్క్రూతో ఇంజను కాస్త వేడిగానే ఆడుతుంది. పైగా నీరు పీలుస్తుంది, మూత తీసిన క్యాన్‌లో పెట్టి ఉంచితే అడుగున విడిపోతుంది, చమురు పైన ఉండిపోతుంది. "కానీ అదే పెట్రోలు స్ప్రేయర్లకీ పోస్తన్నారు కదా. అవి పోవట్లేదే?" అన్నాడు. స్ప్రేయర్లు సెట్ చేసేది షెడ్డులో పనిచేసే కుర్రాడు. రంపాలు మావయ్య ఎవరికీ వదలడు.

కనుమ మర్నాడు, నేను అక్కడుండగానే, తను సెట్ చేసి ఇంకా ఇవ్వని రంపం ఒకటి బయటికి తీశాడు. స్టార్ట్ చేసి పూర్తి వేగంలో పట్టుకుని కుర్రాడి వంక చూశాడు. కుర్రాడు నేల చూపులు చూశాడు. మావయ్య ఆపి, "ఎలా ఉందిరా?" అన్నాడు.

"కూత్తందండి."

"ఎప్పట్నుంచి?"

"మొన్న వర్షాకాలం నుంచీ అనిపిత్తందండి. మీరు పెట్టారు కదా అని..."

మావయ్య స్క్రూ డ్రైవరు వాడి చేతికిచ్చాడు. వాడు స్క్రూ కొంచెం, చాలా కొంచెం, వదులు చేసి మళ్లీ పట్టుకున్నాడు. నాకు తేడా స్పష్టంగా తెలిసింది. ఈల పోయి గరగర వచ్చింది. మళ్లీ బిగించమన్నాడు, మళ్లీ వదలమన్నాడు. నాలుగైదుసార్లు. మావయ్య తల ఒక పక్కకి వంచి, మరో పక్కకి వంచి విన్నాడు. చివరికి చెయ్యెత్తి ఆపమన్నాడు.

"నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు.

అప్పుడు మాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. టీవీ శబ్దం పెంచుతాడని అత్తయ్య విసుక్కోవడం. ఫోన్లో నేను "శనివారం వస్తా" అంటే "ఆదివారమా?" అనడం. కుక్కరు కూతకి లేవట్లేదని జోకులేసుకోవడం. ఏడాది పైగా అందరం నవ్వుకున్నాం. ఒక్కరం కూడా ఆ నవ్వులన్నీ పక్కపక్కన పేర్చి చూడలేదు, తప్పులు వెతకడమే జీతమైన నేను కూడా.

భీమవరంలో చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాగితం మీద గీత మొదట్లో బాగానే వచ్చి, 4,000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడినట్టు పడింది. రెండు చెవులకీ. డాక్టరమ్మ ఆ గొయ్యి చూడగానే అడిగింది, ఏం పని చేస్తారని. పెద్ద శబ్దాల మధ్య ఏళ్లు గడిపినవాళ్లకి మొదట అక్కడే పోతుందట, లోపలి సన్నటి వెంట్రుకల కణాలు ఒకసారి పోతే తిరిగి రావట. రంపం పూర్తి వేగంలో 110 డెసిబెల్స్ దాకా ఉంటుంది. 35 ఏళ్లుగా ఆయన చెవిలో దూది కూడా పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఇంజను మాట వినపడదని. సన్నటి కూత అందక, ఇంకా మందంగానే ఉందనుకుని, స్క్రూ ఇంకాస్త, ఇంకాస్త బిగిస్తూ వచ్చాడన్నమాట.

తిరిగొస్తూ కార్లో ఏమీ మాట్లాడలేదు. ఉండి దాటాక, "వాడి ఇల్లెక్కడో తెలుసా మీకు?" అని డ్రైవర్ని అడిగాడు. ఆ కుర్రాడి ఇల్లు. తెలీదన్నాడు డ్రైవరు. ఊళ్లోకొచ్చాక కనుక్కుని వెళ్లాం. వాడు లేడు, కైకరం వైపు పనికెళ్లాడట, అద్దె రంపంతో. వాడి భార్య చిన్నపిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. మావయ్య చెప్పులు విప్పి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లడిగి తాగాడు. కొత్త బోరూ పిస్టన్ తనే వేసిస్తానన్నాడు. పట్టేసింది వాడి తప్పు వల్ల కాదని చెప్పాడు. ఆ అమ్మాయి, "ఆ మాట నలుగురిలో చెప్పండి బాబాయ్ గారూ" అంది, మామూలుగానే. మావయ్యకి వినపడలేదు. నా వంక చూశాడు. నేను గట్టిగా తిరిగి చెప్పాల్సొచ్చింది. అది నాకు కష్టమైన పని.

చెప్పాడు. ఆదివారం షెడ్డు దగ్గర టీ తాగే గుంపంతా ఉన్నప్పుడు, వాణ్ణి పిలిపించి, పిస్టన్ రెండు పక్కలా తిప్పి చూపిస్తూ. వాడేమీ అనలేదు. రంపం తీసుకుని, స్టార్ట్ చేసి, కాసేపు విని, వెళ్లిపోయాడు. మిగతా ఇద్దరికీ కూడా సొంత ఖర్చుతోనే చేసిచ్చాడు. సంక్రాంతి బేరాల డబ్బులు దానికే అయిపోయాయని అత్తయ్య లెక్క చెప్పింది, కోపంగా కాదు గానీ రెండుసార్లు చెప్పింది.

నేను హైదరాబాదు వచ్చాక మీటరొకటి కొరియర్లో పంపాను. ప్లగ్గు వైరు దగ్గర పెడితే అంకె చూపిస్తుంది. వాడుతున్నాడు, తిట్టుకుంటూ. అంకె ఎంతుందో చెబుతుంది గానీ ఎలా ఉందో చెప్పదట. అందుకని కుర్రాణ్ణి పక్కన నిలబెట్టుకుని, తను ట్యాంకు మీద అరచెయ్యి ఆనిస్తాడు. గరగర చేతికి తెలుస్తోందంటాడు. నిజమో, తనకి తను చెప్పుకుంటున్నాడో నాకు తెలీదు. కుర్రాడికి మాత్రం ఇప్పుడు చెవులకి మఫ్ కొనిచ్చాడు, అది పెట్టుకునే వినమంటాడు.

పోయిన వారం కుర్రాడు సెలవు పెట్టాడు. మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది, ఆఫీసులో మీటింగులో ఉండగా. బయటికొచ్చి ఎత్తాను.

"అమ్మాయ్, ఇది వినిపెట్టు. పూర్తి వేగం పట్టుకుంటాను. కూత్తందో గరగరలాడతందో చెప్పు."

విన్నాను. ఏమీ లేదు. ఒక క్షణం చిన్న జర్రుమన్న శబ్దం, ఆ తర్వాత నిశ్శబ్దం. ఈ ఫోన్లు మనిషి గొంతు తప్ప మిగతా మోతనంతా తీసేస్తాయి కదా, ఇంజన్ని పూర్తిగా మింగేసింది.

"మావయ్యా, నాకేం వినపడట్లేదు."

అవతల ఇంజను ఆపాడు.

"నీక్కూడానా?" అన్నాడు. నవ్వుతున్నాడు.