బోరుకు పుట్టని అప్పు దుబాయికి పుట్టింది

పేద దేశాల జనం ధనిక దేశాలకు ఎందుకు పోతారంటే అందరూ చెప్పే జవాబు ఒకటే: అక్కడ జీతం ఎక్కువ. అబద్ధమేమీ కాదు. 2008 మొదట్లో నేను కరీంనగర్‌లో రాడ్ బెండింగ్ పని చేసేవాణ్ణి. రోజుకు 150 రూపాయలు, నెలలో 18 రోజులు పని దొరికితే గొప్ప. ఆ ఏడే దుబాయి పోయి అక్కడా రాడ్ బెండింగే చేశాను. అదే 12 ఎంఎం రాడ్డు, అదే బైండింగ్ వైరు, వైరును మెలిపెట్టే కొక్కెం కూడా అదే. జీతం మాత్రం 900 దిర్హాములు, అప్పటి రేటుకు దగ్గర దగ్గర 9,700 రూపాయలు. విమానం ఎక్కినంత మాత్రాన నా పనితనం మూడింతలు కాలేదు కదా!

కానీ మా ఇంట్లో జీతం లెక్క తర్వాత వచ్చింది. ముందు వచ్చింది బోరు. జగిత్యాల పక్కన మాకు రెండెకరాల పొలం ఉండేది. అందులో రెండు బోర్లు ఎండిపోయాయి. పంట రుణం కింద బ్యాంకులో అప్పటికే బాకీ ఉంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మూడో బోరుకు పైసలు అడగడానికి బాపు, నేను మిత్తికిచ్చే ఆయన ఇంటికి పోయాం. ఆయన అరుగు మీద కూర్చుని నన్ను కింది నుంచి పైదాకా చూసి, బాపుతో అన్నాడు: "బోర్ల నీళ్లొస్తయో రాళ్లొస్తయో ఎవనికెరుక? పిల్లగాడు దుబాయి పోతనంటే చెప్పు, ఇయ్యాల్నే ఇస్త."

ఓడెడ్ స్టార్క్, డేవిడ్ బ్లూమ్ అనే ఆర్థికవేత్తలు 1985లో వలస మీద ఒక వ్యాసం రాశారు. పోయేది ఒక మనిషే అయినా ఆ నిర్ణయం కుటుంబం మొత్తానిదని, అప్పు పుట్టని చోట, పంటకు బీమా లేని చోట ఒకరిని బయటికి పంపడమే ఆ కుటుంబానికి బీమా అని వాళ్ల ఆలోచన సారం. నేనది చాలా ఏళ్ల తర్వాత చదివాను. మా ఊరి షావుకారి చదవకుండానే దాని మీద వ్యాపారం నడిపాడు.

దుబాయి పంపడానికి ఏజెంటు 80 వేలు అడిగాడు. అరెకరం అమ్మేద్దామని మా అన్న అన్నాడు, వద్దని నేనన్నాను. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లంతా ఊళ్లో భూమే కొంటున్నారు, ధర ఏటా ఎక్కుతోంది. ఈరోజు అమ్మిన అరెకరాన్ని రేపు నా దుబాయి జీతంతో కొనలేనని నాకు గట్టిగా అనిపించింది. అప్పయితే ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది. అందుకని నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెచ్చాం. అంటే ఏడాదికి 36 శాతం, మొదటి నెల మిత్తే 2,400. తిండికి, ఫోనుకు పోను 650 దిర్హాములు పంపేవాణ్ణి, రూపాయల్లో ఏడు వేలు. ఇంటి ఖర్చుకు పదిహేను వందలు తీసి మిగతాది బాకీకి కట్టారు. అసలు తీరేసరికి ఏడాదిన్నర దాటింది. మొదటి రెండేళ్ల కాంట్రాక్టులో నాకంటూ మిగిలింది చివరి కొన్ని నెలల జీతమే.

అయినా అప్పు పుట్టడం కూడా ఒక భాగ్యమే. భూమి లేని మా ఇంటి వెనక కుటుంబానికి ఎవరూ 80 వేలు ఇవ్వలేదు. వాళ్లు భీవండి మగ్గాలకు పోయారు. అంతర్జాతీయ వలసల్లో ఇది చాలాచోట్ల కనిపించేదే. మరీ పేద దేశం నుంచి బయటికి పోయేవాళ్లు తక్కువ. ఆదాయం కాస్త పెరిగి, టికెట్టుకూ వీసాకూ స్తోమత వచ్చినప్పుడే వలస పెరుగుతుంది. ఊళ్లు బాగుపడితే జనం కదలరనుకునే నాయకులు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

దిర్హామును 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టేశారు. రూపాయి పడ్డప్పుడల్లా మా క్యాంపులో పండగ. 2013 ఆగస్టులో దిర్హాము 18 రూపాయలు దాటింది. రూములో కొందరు 4,000 దిర్హాముల చిట్టీని 600 తగ్గించి పాడి, వచ్చింది వచ్చినట్టు ఇంటికి పంపారు. నేను పాడలేదు. 600 అంటే 15 శాతం. దిర్హాము మళ్లీ 15 రూపాయల దగ్గరికి దిగితేనే ఆ పాట గిట్టేది. అంతగా అది మళ్లీ దిగనే లేదు.

అప్పటికి నా దారి వేరే ఉంది. 2011 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ప్రవాసుల ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల వడ్డీ మీద పరిమితి ఎత్తేసింది. నాలుగు శాతం లోపున్న వడ్డీ చూస్తుండగానే తొమ్మిది దాకా పోయింది, దాని మీద పన్ను కూడా లేదు. ఇంటికి పంపేది పంపి, మిగిలింది అందులో వేస్తూ పోయాను. స్లాబ్ ఇల్లు ఎప్పుడు వేస్తావని చుట్టాలు అడిగీ అడిగీ విసిగిపోయారు. ఇల్లు కట్టినవాళ్లను నేను తప్పుపట్టను. మా దగ్గర స్లాబ్ లేని ఇంటికి పిల్లనివ్వరు. నాకు అప్పటికే పెళ్లయింది కాబట్టి ఆ తొందర లేకపోయింది.

2016లో తిరిగొచ్చేటప్పుడు గ్రాట్యుటీ లెక్క చూసుకున్నాను. చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, ఆపైన ఏడాదికి 30 రోజుల జీతం. అయితే అది బేసిక్ మీదే. జీతం పెంచినప్పుడల్లా కంపెనీ అలవెన్సుల్లో కలిపింది, బేసిక్ మాత్రం మొదటి రోజున్న 600 దగ్గరే ఆగిపోయింది. ఎనిమిదేళ్లకు 195 రోజులు, 3,900 దిర్హాములు వచ్చాయి. మన డబ్బులో 71 వేలు, అంటే నేను పోవడానికి ఏజెంటుకు కట్టినంత కూడా కాదు.

పోవద్దని నేనెవరికీ చెప్పను, నా పొలంలో ఈరోజు నీళ్లున్నాయంటే ఆ ఎనిమిదేళ్ల వల్లే. పోయే తమ్ముళ్లు కాంట్రాక్టులో మొత్తం జీతం కాదు, బేసిక్ ఎంతో చూడండి. లైసెన్సున్న ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. పది పాసు కానివాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి పది లక్షలు. ఆ పాలసీ కాగితం జిరాక్సు ఒకటి ఇంట్లో ఇచ్చి విమానం ఎక్కండి.