తెల్లదానికీ తెల్లదానికీ ఊదా పిల్ల ఎలా పుట్టింది?

చాలా రోజుల తర్వాత పెద్ద పోస్టు పెడుతున్నాను. ఆర్కిడ్ వేసినవాళ్లే కాదు, బంతి, అరటి, మామిడి వేసినవాళ్లు కూడా ఓపిగ్గా చదవండి. నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఇది.

మా షేడ్‌నెట్‌లో ఉన్నది డెండ్రోబియం ఆర్కిడ్. ఎక్కువ భాగం సోనియా రకం. పెళ్లి స్టేజీల మీద చూస్తుంటారే, ఊదా రంగు రేకులు, మధ్యకి వచ్చేసరికి తెలుపు, అదే. రెండో విడతలో తెల్లపూలు వేద్దామనుకున్నాను. ఒకాయన మొక్క సగం ధరకే ఇస్తానన్నాడు. "తల్లీ తెలుపే, తండ్రీ తెలుపే, పిల్లలు ఇంకే రంగు పూస్తాయండీ?" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. పైగా మొక్కలు ల్యాబు సీసాల్లోంచి తీసినవే. టిష్యూ కల్చరే కదా అని మూడొందలు తెచ్చేశాను.

ఏడాదిన్నర సాకాను. మొదటి కాడ విచ్చిన రోజు మా ఆవిడ పిలిచి, "ఏవండీ, ఇది తెలుపంటారా?" అంది. చూస్తే ఊదా. ఆ తర్వాత వరసగా ఊదా, లేత ఊదా, మధ్యమధ్యలో తెలుపు. పూల కొట్టాయన కట్ట విప్పి చూసి, "పది కాడలు పది రంగులైతే నేనెవరికి అమ్మాలండీ" అని పక్కన పెట్టేశాడు.

మొక్కలిచ్చినాయన మోసం చేశాడని చాలా రోజులు తిట్టుకున్నాను. తర్వాత తెలిసినవాళ్లని అడిగితే అసలు విషయం బోధపడింది. తల్లిదండ్రులు తెలుపన్నది అబద్ధం కానక్కర్లేదు. అయినా పిల్ల ఊదా పూయొచ్చు.

ఎలాగంటారా? వడ్లు మిల్లాడితే బియ్యం, బియ్యం వండితే అన్నం. ఒకరింట్లో మిల్లు లేదు, ఇంకొకరింట్లో పొయ్యి లేదు. రెండిళ్లలోనూ కంచం ఖాళీయే. ఆ రెండిళ్లకీ వియ్యం కుదిరిందనుకోండి, మిల్లూ వచ్చింది, పొయ్యీ వచ్చింది, అన్నం ఉడికింది. ఊదా రంగూ అంతే. పువ్వులో ఆంథోసయనిన్ అనే రంగు మెట్టు మెట్టుగా తయారవుతుంది. ఒక్కో మెట్టుకి ఒక్కో జన్యువు. ఏ ఒక్క మెట్టు విరిగినా పువ్వు తెలుపే. తల్లిలో ఒక మెట్టు, తండ్రిలో వేరే మెట్టు విరిగి ఉంటే, పిల్లలో ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. రంగు తిరిగొస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. నూరేళ్లకి పైనే ఇంగ్లండులో బేట్సన్, పున్నెట్ అనేవాళ్లు స్వీట్ పీ అనే పూలమొక్కలో రెండు తెల్లవాటిని కలిపితే ఊదా వచ్చింది. ఆ ఊదా మొక్కల గింజ మళ్లీ వేస్తే 16కి 9 లెక్కన ఊదా, 7 లెక్కన తెలుపు వచ్చాయి. హర్స్ట్ అనే ఆయన ఆర్కిడ్లలోనూ ఇలాంటిదే చూశాడు. మన దగ్గరున్న ఆర్కిడ్లు చాలావరకు ముందే పలు జాతులు కలిసిన హైబ్రిడ్లు. అందుకే పిల్లలు ఒక్కటిగా రావు. హైబ్రిడ్ బంతి గింజ దాచి మళ్లీ వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా, అదే కథ.

ఇప్పుడు నేను దెబ్బతిన్న అసలు చోటు చెప్తాను. ఆర్కిడ్ కాయ ఒక్కదాంట్లో లక్షల గింజలుంటాయి, పిండి కంటే సన్నం. గింజలో తిండి నిల్వ ఉండదు. అడవిలో అయితే ఒక రకం బూజు తోడుంటేనే మొలుస్తుంది. 1922లో నడ్సన్ అనే అమెరికా ఆయన చక్కెర కలిపిన జెల్లీ మీద ఆ బూజు లేకుండానే మొలిపించాడు. అంటే గింజ మొక్క కూడా సీసాలోంచే వస్తుంది! మొగ్గ చివర కోసి, అచ్చం తల్లిలాంటి మొక్కలు చేసే పద్ధతికి 1960లో మోరెల్ అనే ఫ్రాన్స్ ఆయన దారి చూపాడు. రెండూ సీసా మొక్కలే. కానీ ఒకటి టెంక మామిడి, ఇంకొకటి అంటు మామిడి. నేను టెంక కొని అంటు అనుకున్నాను.

కాబట్టి మొక్క కొనేటప్పుడు "సీసాదా?" అని అడక్కండి. "గింజదా, మొగ్గదా?" అని అడగండి. బిల్లు మీద రాయించుకోండి. మొగ్గ మొక్కల్లోనూ, ఒకే ముక్కని మరీ ఎక్కువసార్లు కోసి పెంచితే తేడా మొక్కలు వస్తాయి, టిష్యూ కల్చర్ అరటిలో చూస్తున్నాం కదా. ఇంకోటి, ఎండాకాలంలో రంగు పాలిపోతే కంగారుపడి పీకెయ్యకండి. అది వేడి వల్ల కావచ్చు, చలికాలం కాడ చూశాక తేల్చుకోండి.

నా మూడొందల్లో తెల్లగా పూసినవాటికి తాడు కట్టి గుర్తు పెట్టుకున్నాను. వాటి పిలకలు విడదీసి పెంచుతున్నాను. పిలక తల్లి రంగే పూస్తుంది, అక్కడ అదృష్టంతో పని లేదు. ఊదావి ఊళ్లో గుడికిస్తున్నాం. దేవుడు రంగు అడగడు, కొట్టాయనే అడుగుతాడు.

మీ తోటలో కూడా ఇలా రంగు తిరగబడితే చెప్పండి. ఇంకొకరి డబ్బులైనా మిగులుతాయి.