ఎడారిలో ఏ గుడారం?

ఎడారికి పోయి ఒక్క రాత్రి పడుకోవడానికి ఇన్ని ఏర్పాట్లు ఉన్నవని జైసల్మేరు వెళ్ళేదాకా నాకు తెలియదు. ఎడారి అంటే ఇసుక, ఇసుకమీద ఒంటె, ఒంటె పక్కన గుడారం, ఇంతేగదా అనుకుంటాం. తీరా వెళ్ళి చూస్తే అక్కడి ఎడారి జాతీయ వనం జైసల్మేరు, బాడ్మేరు జిల్లాలలో 3,162 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని ఉన్నది. 1980లో దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అందులో ఇసుక తిన్నెలు అయిదో వంతు మాత్రమే. మిగిలినదంతా రాతినేల, గులకనేల, గడ్డిబీడు.

ఇంత చోటున్నది గదా అని ఎక్కడబడితే అక్కడ సొంత గుడారం పాతుకుంటామంటే వల్లకాదు. అటవీశాఖ అనుమతి కావాలి. అందుచేత మామూలు యాత్రికులకు మిగిలేవి మూడు దారులు.

మొదటిది సమ్. జైసల్మేరుకు సుమారు 40 కిలోమీటర్లు. రోడ్డు వెంట వరుసగా గుడారాలే. గుడారమన్న మాటే గాని లోపల మంచం, పరుపు, స్నానాలగది అన్నీ ఉంటాయి. సాయంత్రం ఒంటె సవారీ, చీకటి పడ్డాక కాల్బేలియా నాట్యం, ఆ తరవాత దాల్ బాటీతో భోజనం. పిల్లలున్నవారికి ఇంతకంటె సరదా లేదు. అయితే మేము దిగిన చోట రాత్రి చాలా పొద్దుపోయేదాకా లౌడుస్పీకరు మోగుతూనే ఉన్నది. “పెళ్ళివారింట్లో పడుకున్నట్టుందండీ” అన్నది మా ఆవిడ.

రెండోది ఖూరీ అనే పల్లె. అక్కడా తిన్నెలున్నవి, కాని గుడారానికి బదులు మట్టిగోడల గుండ్రటి గుడిసెలో ఉండవచ్చు. మాకు సజ్జరొట్టె, సాంగ్రీ కూర పెట్టారు. సాంగ్రీ అంటే ఏమిటో కాదు, మన జమ్మికాయలు. దసరానాడు మనం బంగారమని ఆకు పంచుకునే చెట్టు ఆ నేలలో మనిషికి కూర, పశువుకు మేత, ఎండకు నీడ. ఇంటావిడ చేతులు కడుక్కోమని ఒక్క చెంబుడు నీళ్ళిచ్చింది. ఆ చెంబు పట్టుకున్న తీరు చూస్తే మరో చెంబు అడగబుద్ధి కాలేదు.

మూడోది సుదాసరీ. వనం నడిబొడ్డున అటవీశాఖ వారి కుటీరాలు. వాటికి జైసల్మేరులోనే అనుమతి తెచ్చుకోవాలి. అక్కడ పాటలు లేవు, నాట్యాలు లేవు. రాత్రి బయట కూర్చుంటే నక్షత్రాలు నెత్తిమీదికి దిగినట్టున్నవి. దూరాన ఆకాశం అంచున మాత్రం తెల్లని వెలుగు కనిపించింది. ఏమిటని అడిగితే, “అది సమ్, సాబ్” అన్నాడు కాపలావాడు. మేము ముందురోజు పడుకున్న చోటు ఇంత దూరం వెలుగుతుందన్నమాట!

తెల్లవారాక అతను చెయ్యి చాపిన వైపు చూస్తే, గడ్డిలోనించి ఒక పొడుగాటి మెడ లేచింది. బట్టమేక పిట్ట! మాది నందికొట్కూరు ప్రాంతం. ఆ పేరు వినగానే మా పెద్దవాళ్ళకు బీళ్ళు జ్ఞాపకం వస్తాయి. 1988లో మా దగ్గర రోళ్ళపాడులో ఈ పిట్టకోసం అభయారణ్యం ఏర్పరచారు. చుట్టుపట్ల బీళ్ళు చేలైనవి, పిట్టకు చోటు తగ్గింది. ఇవాళ అక్కడ కృష్ణజింకలను చూడవచ్చు గాని, బట్టమేక కంటబడడమే అపురూపం.

మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. ఏడాదికి సాధారణంగా ఒకటే గుడ్డు, అదీ కటికనేల మీద. కళ్ళు పక్కలకుండడంచేత ఎదుటి విద్యుత్తు తీగ సరిగా కనపడదు. కనపడేసరికి ఆ బరువైన శరీరం చప్పున పక్కకు తిరగలేదు. లోకంలో 150కి మించి లేవంటారు. సమ్ దగ్గరే 2019 నుంచి వీటి గుడ్లను పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా కూడా ఒక పిల్ల పుట్టింది. కాని కేంద్రంలో పెరిగిన పిల్లలకు రేపు బతకడానికి చీకటీ, నిశ్శబ్దమూ ఉన్న గడ్డినేల కావాలిగదా!

వెళ్ళదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. గాలిలో తేమ లేదు గనుక పొద్దు గుంకగానే ఇసుక చల్లబడిపోతుంది. రెండు రగ్గులు తప్పవు. సందడి కావలసినవారు సమ్‌లోనే దిగండి, తప్పులేదు. పొద్దుపోయాక ఆ స్పీకరు కట్టేయమని మాత్రం యజమానితో ఒక్క మాట చెప్పండి. నలుగురూ అడిగితే వింటాడు. బట్టమేకను చూడడానికి కర్నూలు సీమవాణ్ణి నేను జైసల్మేరు దాకా పోవలసి వచ్చింది. జైసల్మేరువాళ్ళు చూడాలంటే, ఆపైన పోవడానికి వేరే చోటు లేదు.